ఇంటింటా ఒక పోస్టుమాస్టరు



ఇవాళ ఎవరి జ్ఞాపకంగా ఇక్కడ కూర్చున్నామో ఆయన్ని ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఆహ్వానపత్రికలో ఇంటిపేరుతో సహా అచ్చయిన పేరు చూసి "ఈయనెవరండీ?" అని నన్నే ఇద్దరు అడిగారు. "మన మాస్టారే" అన్నాక గాని పోల్చుకోలేదు. అందుకని నేనూ మాస్టారు అనే అంటాను.

నాకిచ్చిన అంశం ప్రాథమిక పాఠశాల పిల్లలకు కంప్యూటరు చదువు, ఆన్‌లైన్ జాగ్రత్తలు. మాస్టారు కంప్యూటరు ముట్టుకోకుండానే వెళ్లిపోయారు. ఆయన పేరున ఈ మాటలేమిటని మొదట నాకూ అనిపించింది. తీరా రాయడానికి కూర్చుంటే, నేను పిల్లలకు చెబుతూ వచ్చిన ఈ పాఠంలో సగం ఆయన బల్ల దగ్గర చూసిందేనని తేలింది.

అప్పట్లో ఈ ఊరి బడి ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గది. ఒక మూల మా బడి, ఇంకో మూల బ్రాంచి పోస్టాఫీసు. మాస్టారే పోస్టుమాస్టరు కూడా. చాలా పల్లెల్లో అంతే. చదువొచ్చి, నమ్మకస్తుడై, రోజూ ఊళ్లో ఉండే మనిషి కావాలంటే తపాలా శాఖకు బడిపంతులే దొరికేవాడు. టపా సంచి వచ్చే వేళకు మాకు ఎక్కాలు అప్పజెప్పి ఆయన ఆ మూలకు వెళ్లేవారు. మా నోళ్లు పదమూడో ఎక్కం మీద, కళ్లు ఆ సంచి మీద.

మనియార్డరు వచ్చిన రోజు చూడాలి. అక్షరం రాని ముసలమ్మ వచ్చి, అలవాటు కొద్దీ ఎడమ బొటనవేలు ముందే చాపేది. మాస్టారు ఆ వేలు పక్కకు జరిపేవారు. "ఉండు పెద్దమ్మా. నీ కొడుకు నలభై పంపాడు. నలభై ముట్టినట్టు ఈ కాగితం చెబుతోంది. ఇదిగో డబ్బు, ముందు లెక్కపెట్టుకో. సరిపోయాక వేలు వేద్దువుగాని." ఆవిడ లెక్కపెట్టే దాకా సిరాబిళ్ల డబ్బా మూత తీసేవారు కాదు. ఆవిడకేమో విసుగు. "నువ్వు అబద్ధమాడతావా నాయనా" అనేది. "నేను ఆడను. రేపు నా కుర్చీలో కూర్చునేవాడి సంగతి నీకేం తెలుసు?" అనేవారు.

ఆ కుర్చీలో ఇవాళ ఎవరు కూర్చున్నారో చెప్పడానికే నేను వచ్చాను. మీ ఇళ్లలో మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు కూర్చున్నారు. నాయనమ్మ ఫోను చేతిలో పెట్టి "ఏదో వచ్చింది, చూడరా" అంటుంది. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తామని మెసేజి. చలానా పడింది, ఈ ఫైలు తెరిచి చూసుకోండని వాట్సాప్‌లో మరొకటి. అది చలానా కాదు, ఫోనులోకి దూరే యాప్ అని పెద్దవాళ్లకే తెలియడం లేదు. ఓటీపీ చదివి చెప్పేది తొమ్మిదేళ్ల పిల్లవాడు. గ్యాసు బుక్ చేసేది వాడే, దుబాయిలో ఉన్న బాబాయికి వీడియో కాల్ కలిపేదీ వాడే. మాస్టారు చేసిన పనంతా ఆ పిల్లల మీద పడింది. ఆయనకైతే తపాలా శాఖ నియమావళి ఇచ్చింది, తూకపురాయి ఇచ్చింది, తేదీ ముద్ర ఇచ్చింది. వీళ్లకు మనం ఏమిచ్చాం?

గోడ మీద చార్టు ఇచ్చాం. అపరిచితులతో మాట్లాడకూడదు, ఫోటోలు పంపకూడదు, పాస్‌వర్డ్ చెప్పకూడదు. అన్నీ 'కూడదు'లే. తప్పని అనను. కానీ యంత్రం లోపల ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పకుండా కూడదుల జాబితా అప్పజెప్పించడమంటే, చదువు చెప్పకుండా వేలిముద్ర వేయొద్దని చెప్పడమే. అవసరం వచ్చిన రోజున ఆ వేలు పడితీరుతుంది.

పడింది కూడా. నేను ఆఖరున పనిచేసిన బళ్లో నాలుగో తరగతి కుర్రాడొకడు నాన్న ఫోనులో ఆట ఆడుతూ రెండువేల చిల్లర పోగొట్టాడు. ఆటలో కత్తికి నిప్పు రంగు వస్తుందని మెరిసే బొత్తాం కనపడింది, నొక్కాడు. ఫోను వేలిముద్ర అడిగింది. లాక్ తీయమని మాటిమాటికీ పిలుస్తున్నాడని, కొడుకు వేలిముద్ర కూడా ఆ ఫోనులో ఎక్కించింది తండ్రే. వాడు వేలు పెట్టాడు. ఆ ముద్ర తాళం తీయడానికి కాదు, డబ్బు ముట్టజెప్పడానికని వాడికి తెలియదు. తెరలో ఇంగ్లీషు. చదివి చెప్పే మాస్టారు లేడు. సాయంత్రం తన్నులు పడ్డాయి. ఈ మొత్తం వ్యవహారంలో వాడు నేర్చుకున్న పాఠం ఒకటే: ఏమైనా జరిగితే ఇంట్లో చెప్పకూడదు.

ఆ మాట దగ్గరకు మళ్లీ వస్తాను. ముందు చదువు సంగతి.

మన దేశంలో బడికి కంప్యూటరు రావడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. 1984-85లోనే కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద కొన్ని ఉన్నత పాఠశాలలకు బ్రిటన్ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను పంపింది. మా ప్రాథమిక బడుల దాకా రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. వచ్చాక దానికో గర్భగుడి కట్టాం. చెప్పులు బయట విప్పాలి, పైన బట్ట కప్పాలి, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర. నేను చెప్పిన మొదటి కంప్యూటరు పాఠం సిగ్గుపడుతూనే చెబుతున్నాను, వినండి: నల్లబల్ల మీద బొమ్మ గీసి మానిటరు, కీబోర్డు, మౌసు, సీపీయూ అని బాణపు గుర్తులు పెట్టాను. మౌసుకు తోక పైకి గీయాలా, కిందికి గీయాలా అని ఒక పిల్ల అడిగితే కసురుకున్నాను.

ఇంగ్లండువాళ్లకూ ఈ జబ్బు చేసింది. బళ్లలో కంప్యూటరు చదువంటే ఉత్తరం టైపు చేయడం, పట్టిక నింపడం అన్న స్థాయికి దిగజారిందని 2012లో అక్కడి శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ గట్టిగానే అన్నది. 2014 సెప్టెంబరు నుంచి పాఠ్యప్రణాళిక మార్చి, అయిదేళ్ల పిల్లల నుంచే మొదలుపెట్టారు. ఆ చిన్న తరగతుల భాగం మొత్తం అర పేజీ ఉండదు. నాకు అందులో నచ్చింది ఒకటి. పని వరసను విడమర్చి చెప్పడం, తప్పు పట్టుకుని దిద్దడం ఏ జాబితాలో ఉన్నాయో, నీ సంగతులు నీ దగ్గరే ఉంచుకోవడం, బెంగ కలిగితే ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలుసుకోవడం కూడా అదే జాబితాలో ఉన్నాయి. యంత్రానికి ఒక పీరియడు, జాగ్రత్తకు వేరే పీరియడు అని విడదీయలేదు. మన 2020 జాతీయ విద్యావిధానం కోడింగును ఆరో తరగతి దగ్గర మొదలుపెట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ట్యాబులు ఇచ్చింది ఎనిమిదో తరగతి వాళ్లకు. ఫోను మాత్రం రెండేళ్ల వయసుకే చేతికి వస్తోంది, లేకపోతే ముద్ద దిగదట.

ఒకటో తరగతిలో ఏం చెబుతారండీ అని అడుగుతారు. కేరళను చూడండి. అక్కడ ప్రాథమిక తరగతులకు 'కళిప్పెట్టి' అని ఐటీ పాఠ్యపుస్తకమే ఉంది. ఆటల పెట్టె అని అర్థం. అదీ వాళ్ల మాతృభాషలో, సొమ్ము పెట్టి కొనక్కర్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద. అంత దూరం వెళ్లకుండా మన గుమ్మం ముందు కూడా చూడవచ్చు.

ధనుర్మాసంలో అక్క చెల్లెలికి ముగ్గు ఎలా చెబుతుంది? "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా." అంతే. నడిమి వరుసలో పదిహేను, దాని కిందా పైనా పద్నాలుగు, ఆపైన పదమూడు, ప్రతి చుక్కా ముందు వరుస సందులో పడాలి, ఎనిమిది రాగానే ఆపాలి. ఆ చిన్న మాటలో మొదలుంది, పదే పదే చేయాల్సిన పనుంది, ఎక్కడ ఆపాలో ఉంది. ప్రోగ్రాం అంటే ఇదే. చుక్కలు లెక్కపెట్టమన్నాను ఒకసారి, నూట అరవై తొమ్మిది తేలాయి. గుప్పెడు మాటలకు 169 చుక్కలు! "సందు చుక్క" బదులు "సరి చుక్క" అని ఒక్క మాట మార్చి చెప్పి, ముగ్గు ఎందుకు కుదరలేదో వెతకమంటే మూడో తరగతి పిల్లలు పావుగంటలో పట్టేశారు. మగపిల్లలు ముగ్గు మాకెందుకని మొరాయించారు. ఆ పని తప్పనిసరి చేశాను.

అమెరికాలో 1967లో సేమర్ పేపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. దాంట్లో ఒక తాబేలు ఉంటుంది. ముందుకు ఇన్ని అడుగులు, కుడికి ఇంత తిరుగు అంటే గీత గీస్తూ పోతుంది. పేపర్ట్ అంతకుముందు జెనీవాలో పిల్లల మనస్తత్వం చదివిన పియాజే దగ్గర పనిచేసినవాడు. పిల్లలు తామే తాబేలై నడిచి చూస్తే జ్యామితి ఒంట బడుతుందని ఆయన నమ్మకం. చతురస్రం గీయాలంటే ఎన్నిసార్లు తిరగాలో మా పిల్లలు బడి ఆవరణలో నడిచే తెలుసుకున్నారు. మేం తాబేలును ముగ్గుబుట్టతో నడిపించాం, అదొక్కటే తేడా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, తన మిత్రులతో కలిసి, కంప్యూటరు లేకుండా కంప్యూటరు శాస్త్రం నేర్పే ఆటలు కొన్ని కూర్చాడు. అందులో అయిదు అట్టముక్కలుంటాయి. వాటి మీద ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు చుక్కలు. ఏ అంకె చెప్పినా కొన్ని అట్టలు తెరిచి, కొన్ని మూసి చూపించాలి. అది చదవగానే నాకు మా అమ్మ వంటిల్లు కళ్లకు కట్టింది. మా వైపు కొలతలు మీకు గుర్తున్నాయా? రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. గిద్దల్లో చెప్పుకుంటే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు! ఆ అయిదు అట్టలూ మన బియ్యపు డబ్బాలో ఉన్నాయి.

పిల్లల ముందు అయిదు పాత్రలూ పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడాలి, పదకొండు గిద్దలు పోయండి అన్నాను. కాసేపు గోల. తర్వాత ఒక పిల్ల తవ్వ, అరసోల, గిద్ద తీసి పక్కన పెట్టింది. ఇరవై ఒకటి? మానిక, సోల, గిద్ద. వాడిన పాత్రకు 1, వాడని దానికి 0 రాయమన్నాను. పదకొండు 01011 అయింది. "టీచర్, ఎన్ని దాకా పోయొచ్చు?" అని వాళ్లే అడిగి, ముప్పై ఒకటని వాళ్లే తేల్చారు. ఆపైన అడ్డ ఉంది, దాని పైన కుంచం ఉంది అంటే, "మళ్లీ రెట్టింపే కదా" అని తీసిపారేశారు. ఎప్పుడో పింగళుడు గురువు, లఘువు అనే రెండు గుర్తులతోనే ఛందస్సుకు లెక్క కట్టాడు. అది హైస్కూలు పిల్లలకు చెప్పుకోవచ్చు. మూడో తరగతికి బియ్యం చాలు.

అక్షరాల సంగతీ ఇలాగే చెప్పాను. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసింది, గుర్తుందా? 'జ్ఞా'. మెసేజిలో అది కనపడగానే యాప్ మూసుకుపోయేది. ఆ నెలలోనే యాపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. పిల్లలకు ఎంత గర్వమో, మన అక్షరానికి అంత బలమా అని! అప్పుడు విడదీసి చూపించాను. మన కంటికి జ్ఞా ఒకే అక్షరం. యంత్రానికి అది జ, దాని కింద పొల్లు, ఞ, దీర్ఘం. మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి దూరింది. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య. ఆ సంఖ్యలను కూర్చి అక్షరంగా గీయడంలో యంత్రం తడబడింది. గుణింతాలు, ఒత్తులు నేర్చుకునే ఈడు పిల్లలకు ఇది ఎంత సులువుగా ఎక్కుతుందో చూడాలి. ఫోను సర్వజ్ఞం కాదని, మనుషులు రాసిన వరసలో నడిచి, తప్పులు కూడా చేస్తుందని ఆ రోజు తెలిసింది వాళ్లకు. నా లెక్కలో ఆన్‌లైన్ జాగ్రత్తలో మొదటి పాఠం అదే.

రెండో పాఠం మళ్లీ మాస్టారిది. ఆయన ఎవరి ఉత్తరమూ విప్పలేదు. అయినా ఊరి గుట్టంతా ఆయనకు తెలుసు. పసుపు అంటిన కవరు ఎవరింటికి వెళ్తోందో తెలుసు. పట్నంలో చదివే కుర్రాడికి వారానికో ఉత్తరం ఏ ఊరి ముద్రతో వస్తోందో తెలుసు. ఫలానా ఇంటికి కోర్టు రిజిస్టరు ఉత్తరాలు వరసగా మూడు వచ్చాయంటే పొలం తగాదా ముదిరిందని తెలుసు. ఏదీ నోరు జారలేదు. కార్డు ముక్క మీద రాసింది ఎలాగూ కంటపడుతుంది, "కన్ను చదివింది నోరు చదవకూడదు" అనేవారు.

నాలుగో తరగతికి పది ఖాళీ కవర్లు ఇచ్చాను. లోపల ఏమీ లేదు. పైన ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ అన్నదే. కథ చెప్పమన్నాను. జూన్‌లో కొడుకు పుణె వెళ్లాడు, దసరా దాకా వారం వారం రాశాడు, తర్వాత నెల పాటు లేదు, తర్వాత ఆసుపత్రి పేరున్న కవరు వచ్చింది. పిల్లలు కథంతా అల్లేశారు, ఒక పిల్ల కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. అప్పుడు అడిగాను: మీరు ఏ వీడియో ఎంతసేపు చూశారు, ఎక్కడ ఆపారు, ఏ రాత్రి ఎన్నింటి దాకా మేలుకున్నారు, ఇవన్నీ ఫోనుకు తెలుసు కదా, అదేం కథ అల్లుతుంది? గది నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "అందుకేనా టీచర్, నేను సైకిళ్లు చూస్తే అన్నీ సైకిళ్లే వస్తాయి?" అన్నాడు.

అందుకే. మాస్టారికీ ఆ యాప్‌కూ తేడా ఏమిటంటే, మాస్టారు తనకు తెలిసినదాన్ని అమ్ముకోలేదు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అదీ సరిచూసుకోదగినదై ఉండాలి. పిల్లల వెంటబడి వాళ్ల అలవాట్లు గమనించకూడదు, దాన్నిబట్టి ప్రకటనలు చూపకూడదు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి ఏడాదిన్నర గడువిచ్చారు. చట్టం మంచిదే. కానీ తల్లిదండ్రుల అనుమతి అనే చోట వేలు వేసేది ఎవరు? అమ్మ ఫోను చూసేది పిల్లే కదా. పోస్టుమాస్టరే మనియార్డరు పుచ్చుకున్నట్టు.

పెద్దయితే వాళ్లే తెలుసుకుంటారులే అనేవాళ్లకు ఒక లెక్క. 2024 అసర్ విద్యా సర్వేలో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగారు. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లు 82 శాతం పైనే. ముందు వారంలో చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఆ సోషల్ మీడియా వాడేవాళ్లలోనూ ఒక ఖాతాను బ్లాక్ చేయడం తెలిసినవాళ్లు 62 శాతమే. పాస్‌వర్డ్ మార్చడం 58 శాతం లోపు. వాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగత మిత్ర అనే పరిశోధకుడు గోడకు కన్నం చేసి కంప్యూటరు పెడితే వీధి పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చేసుకున్నారు. ఆ గోడ మీద పదిమంది కళ్లుండేవి. దుప్పట్లో ఫోను మీద ఎవరి కళ్లూ ఉండవు.

ఇక ఇందాక వదిలిన మాట, ఇంట్లో చెప్పకూడదన్నది. కత్తి రంగు కుర్రాడి సంగతి ఊరంతా తెలిసిన తర్వాత, అదే తరగతి అమ్మాయి ఒకతె అన్నం మానేసింది. పది రోజులకు వాళ్ల అమ్మమ్మ నా దగ్గరకు తీసుకొచ్చింది. ఆటలో పరిచయమైన 'అక్క' ఎవరో ఫోటోలు పంపమని అడుగుతోంది, పంపకపోతే మీ నాన్నకు చెబుతానంటోంది. ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెబితే కొడతారు, ఫోను లాక్కుంటారు టీచర్" అంది. చార్టులో ఉన్న కూడదులన్నీ ఆ పిల్లకు కంఠతా వచ్చు. నేనే అప్పజెప్పించాను. పిల్లల సహాయానికి 1098, సైబరు మోసాలకు 1930 ఉన్నాయని కూడా వచ్చు. ఇంట్లో ఎవరికి చెప్పాలన్న దగ్గరే ఆగిపోయింది. ఆ నెల తల్లిదండ్రుల సమావేశంలో నేను కంప్యూటరు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పిల్ల వచ్చి చెబితే కొట్టనని, ఫోను లాక్కోనని అందరి చేతా అనిపించాను. కొందరు నవ్వారు. ఒక తండ్రి లేచి వెళ్లిపోయాడు. ఆయనెవరో మీరు ఊహించగలరు. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఫోనులో కొడుకు వేలిముద్ర ఎలా తీసేయాలో చూపించమన్నాడు. కొడుకునే కూర్చోబెట్టి చూపించాను. వాడే తీశాడు.

నిర్వాహకులు ఈ ఏడు బడికి ట్యాబులు కొనివ్వాలని తలపెట్టారట. కొనండి, కాదనను. వారానికి ఒక పూట, పిల్లల పక్కన అమ్మలనూ నాయనమ్మలనూ కూడా కూర్చోబెట్టి, ఫోను తెలుగులోకి మార్చి, ఏ యాప్‌కు ఏమేం అనుమతులు ఇచ్చామో వరసగా పైకి చదివించండి. చదవాల్సింది పిల్లలు. మాస్టారు మనియార్డరు కాగితం చదివినట్టే, గట్టిగా.

మా అమ్మ కొలపాత్రలు అయిదూ సంచిలో తెచ్చాను, హెడ్మాస్టరుగారికి అప్పగించి వెళ్తాను. తవ్వకు ఒక పక్క సొట్ట పడింది, ఎనిమిది గిద్దలు పట్టదు. పిల్లలకు ముందే చెప్పకండి. మా బళ్లో పిల్లలు రెండుసార్లు కొలిచి, లెక్క తేడా వస్తోందని పాత్రలన్నీ బోర్లించి మరీ పట్టుకున్నారు.